తోమిన రూపాయలు

పెళ్ళయిన కొత్తలో నాకు ప్రతిదీ పండగే. వీధి మలుపులో ఆయన సైకిలు గంట రెండుసార్లు మోగితే పండగ. మూడోసారి కూడా మోగితే అది అచ్చంగా నా ఒక్కదానికే అని మా ఇద్దరికీ తప్ప ఏలూరులో ఎవరికీ తెలియదు కనుక, అది ఇంకా పెద్ద పండగ. మద్రాసులో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ దాకా చదువుకున్న పిల్లను, అత్తవారింట్లో ఉప్పు జాడీలోని కొబ్బరిచిప్ప గరిటెను చూసి మురిసిపోయేదాన్ని. "ఈ పిల్లకి చీమ నడిచినా ముచ్చటే," అని మా అత్తగారు నవ్వేవారు.

ఇది రాస్తున్న ఇవాళ్టికి మా పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. ముచ్చట్లు ఇంకా ఉన్నాయి. సైకిలు గంట ఇప్పటికీ మూడుసార్లు మోగుతుంది. కానీ ఈ వానాకాలం మా ఇంట్లోంచి ఒక మనిషిని తీసుకుపోయింది. తీసుకుపోయింది వానాకాలం అనడం కూడా నాకు నేను చెప్పుకునే సాకే.

మా వారి పేరు ఎలీయాజరు. మిషను హైస్కూల్లో చరిత్ర చెబుతారు. పెళ్ళయిన మూడో రోజున నాకు తన ఆస్తి చూపిస్తానని చెప్పి అటక మీది నుంచి ఒక బిస్కట్ల రేకు పెట్టె దించారు. మూత తీస్తే అంతా కాగితం ఉండలు. పిల్లల పరీక్ష కాగితాలు చించి, ఒక్కొక్క ముక్కలో ఒక్కొక్క వెండి నాణెం చుట్టి పెట్టారు. ఒక ముక్క మీద 'నూటికి ఇరవై రెండు' అని ఎర్రసిరాతో ఉంది. ఆ మార్కుల్లో చుట్టుకుని ఒక ఆర్కాటు రూపాయి.

"నల్లగా ఉందేమిటండీ?" అన్నాను.

"నూట యాభై ఏళ్ళు లోకం తిరిగొచ్చింది. నువ్వూ నేనూ అయితే ఈపాటికి మట్టిలో ఉండేవాళ్ళం," అన్నారాయన.

కంపెనీ వాళ్ళవి, ఫ్రెంచి పరాసులు కొట్టించినవి, నెలవంక గుర్తున్నవి, త్రిశూలం గుర్తున్నవి. బజారులో ఇప్పుడు చెల్లని డబ్బు. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా సైకిలెక్కి కొల్లేటి లంకల్లోను, అటు కలిదిండి వైపు ఊళ్ళలోను తిరిగి, ఇల్లిల్లూ అడిగి కొన్నారు. నలభై రెండు.

సరదాకి కొన్నవి కావు. అవి సరోజ ప్రాణం.

సరోజ నా ఆడపడుచు. పదిహేడేళ్ళది. క్షయ పట్టి రెండేళ్ళయింది. తమ్మిలేటి గట్టు కనబడేలా వెనక వసారాలో దాని మంచం. మదనపల్లె శానిటోరియంలో ఆరు నెలలుంటే నయమవుతుందని డాక్టరమ్మగారు చెప్పారు. అందుకు కావలసిన డబ్బు ముప్పై రూపాయల జీతంలో ఏనాటికీ మిగలదు. ఆయనకు చేతనైనది పాత అక్షరాలు చదవడం ఒక్కటే కనుక ఆ దారే పట్టారు. నేను కాపురానికి వచ్చిన కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో, తాడేపల్లిగూడెంలో ఉండే ప్లీడరు నరసరాజు గారికి ఆ పెట్టె తీసుకెళ్ళి చూపించారు. ఆయన భూతద్దం పెట్టి ఒక పూటంతా చూసి, మొత్తం కలిపి మూడు వందలకు తీసుకుంటానన్నారట. మే నెలలో ఏలూరు వచ్చే పని ఉంది, అప్పుడు డబ్బు తెచ్చి పట్టుకెళ్తానన్నారట. మదనపల్లె నుంచి కూడా ఉత్తరం వచ్చింది. జూను ఒకటో తేదీకి ఒక మంచం ఖాళీ అవుతుంది, రాకపోతే వరుసలో తరువాతి వాళ్ళకిస్తాం అని.

అన్నీ అమరినట్టే అమరాయి. ఆ ఉత్తరం వచ్చిన రోజునే సరోజ తన ట్రంకు పెట్టె మంచం కిందికి లాగించుకుని, "వదినా, మదనపల్లెలో చలిట. నీ నీలం శాలువా నాకిచ్చెయ్యి. నీకు మా అన్నయ్య ఉన్నాడుగా," అంది. నేను సిగ్గుతో వంటింట్లోకి పారిపోయాను. దగ్గుతూనే నవ్వింది.

మార్చిలో ఒక శనివారం నన్ను కూడా లంకలకు తీసుకెళ్ళారు. ఊరు దాటేదాకా నడిచి, ఆ తరువాత సైకిలు వెనక కూర్చున్నాను. ఎదురుగా మనుషులు కనబడినప్పుడల్లా దిగిపోవడం, వాళ్ళు దాటగానే మళ్ళీ ఎక్కడం. కొల్లేరు వెనక్కి తీసింది. నిన్నటి దాకా దోనెలు నడిచిన చోట నేల నెర్రెలు విచ్చి, మధ్యమధ్య కిక్కిస దుబ్బులు, దూరంగా నీళ్ళు ఒక గీతలాగా. ఆ గీత మీద తెల్లగా కొంగలు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన తొక్కుతూనే ఉన్నారు.

లంకలో పెద్దింట్లమ్మ అని ఒక ముసలామె. పెనిమిటీ కొడుకూ చేపలు పట్టేవాళ్ళే. కొంగు ముడి విప్పి నాలుగు నాణేలు చాప మీద పెట్టింది. మూడింటికి దండలో గుచ్చుకోవడానికి పైన కొక్కేలు అతికించి ఉన్నాయి.

"కొక్కెం అతికినవి నాకు వద్దమ్మా. అవి మీ ఇంటి ఆడపిల్లల మెళ్ళో ఉండనివ్వండి," అని నాలుగోది తీసి ఆయన కళ్ళ దగ్గర పెట్టుకున్నారు. తరువాత జేబులోంచి చిన్న తాసు తీసి తూచారు. "కంసాలి ఏమిస్తానన్నాడు?"

"పది అణాలన్నాడయ్యా."

"సరిగ్గానే చెప్పాడు. వెండికి అంతే వస్తుంది. నేను వెండికి కాదు, దీని మీది అక్షరాలకు ఇస్తాను. అంచులు అరగలేదు, చిల్లు లేదు. రెండు రూపాయలు."

"అక్షరాలకి డబ్బులిస్తారా అయ్యా? అయితే ఓ పూట ఉండండి. మిగతా మూడింటి మీదా చెక్కించుకొస్తాను," అంది పెద్దింట్లమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వి, రెండు రూపాయలూ ఆమె అరచేతిలో పెట్టి, "ఇది అమ్మితే నాకు ఇంతకన్నా ఎక్కువే వస్తుందమ్మా. అదీ తెలిసి ఇవ్వండి," అన్నారు.

"రానివ్వండయ్యా. తిరిగేది మీరు కదా," అంది ఆమె.

ఆ తరువాత గడప దగ్గర నిలబడి ఆమెతో ఇంకా ఏదో చెబుతున్నారు, ఇంట్లో ఇంకా ఉంటే ఎలా ఉంచాలో ఏమిటో. నేను వినలేదు. ఒక పిల్ల నా చెప్పులు తొడుక్కుని నడిచి చూపిస్తోంది, ఇంకొకామె ఇప్పుడే తెచ్చిన కొర్రమీనులు బుట్టలో ఎలా కొట్టుకుంటున్నాయో చూడమని చెయ్యి పట్టి లాగుతోంది. నేను వాళ్ళతో వెళ్ళాను. ఆయన మాటలు ఆ గడప దగ్గరే ఉండిపోయాయి. నాలుగడుగుల దూరం.

పెట్టెలో నలభై మూడు అయ్యాయి.

మా అమ్మగారిది భీమడోలు. అక్కడి గుడిలో ప్రభువు బల్ల పాత్రలు ఇరవై ఏళ్ళుగా మా అమ్మే తోముతుంది. ఈస్టరుకు ముందు శనివారం నాడు గిన్నెలూ రొట్టె పళ్ళెమూ ఇంటికి తెచ్చి, చింతపండు గుజ్జు, జల్లించిన కచ్చిక బూడిద, మెత్తని ఇటుకపొడి కలిపి, కొబ్బరిపీచుతో తోమి, ఆదివారం తెల్లవారేసరికి బల్ల మీద పెడితే ఆ గిన్నెలో మన ముఖం కనబడాలి. మురికి గిన్నె ఎవరింట్లోంచి వస్తే ఆ ఇల్లాలి పేరు ఏడాదంతా చెప్పుకుంటారు. ఈ ఏడు ఏలూరు గుడి పాస్టరమ్మగారు, "భీమడోలు వారమ్మాయి వచ్చిందిగా, ఆ పిల్లకే ఇద్దాం," అని పాత్రలు మా ఇంటికి పంపారు. నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

వెనక వసారాలో పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన పరీక్ష కాగితాలు దిద్దడానికి బడికి వెళ్ళారు. అత్తగారు గుడి ఊడ్చే ఆడవాళ్ళతో వెళ్ళారు. సరోజకు ఆ రోజు జ్వరం లేదు. మంచం మీద లేచి కూర్చుని, ఒక్కొక్క గిన్నె కడిగి ఇస్తుంటే పాత గుడ్డతో తుడిచింది. చివరి పళ్ళెం పైకెత్తి అందులో తన ముఖం చూసుకుని, "వదినా, ఇందులో నేను లావెక్కాను," అంది.

గుజ్జు ఇంకా అరగిన్నె మిగిలింది.

నాకు అప్పుడు తోచింది. ఎవరూ తోపించలేదు, నాకే తోచింది. "సరోజా, మీ అన్నయ్య రూపాయలు కూడా తోమేద్దామా? ప్లీడరుగారు పెట్టె మూత తీసేసరికి కళ్ళు జిగేల్మనాలి. మూడు వందలన్నవాడు మూడు వందల యాభై ఇస్తాడు."

సరోజ చప్పట్లు కొట్టింది.

అటక ఎక్కి పెట్టె దించాను. పరీక్ష కాగితాల్లోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చింది. నేను తోమడం, సరోజ తుడవడం. నల్లటిది తెల్లనై, తెల్లనిది మెరుపై, మంచం మీద పరిచిన గుడ్డ మీద వరసగా పెడుతుంటే ఎండ వాటి మీద పడి వసారా కప్పు నిండా చిన్నచిన్న వెలుగు బిళ్ళలు కదిలాయి. సరోజ వెల్లకిలా పడుకుని వాటిని చూసింది. "పగలే చుక్కలు పొడిచాయి వదినా," అంది. నేను ఇంకా గట్టిగా రుద్దాను. అక్షరాల సందుల్లో ఏళ్ళ తరబడి ఇరుక్కున్న మురికి వదలడం లేదని ఇటుకపొడి ఇంకాస్త చల్లాను.

నాలుగు మిగిలి ఉండగా సరోజకు దగ్గు తెర వచ్చింది. చేతిలో గుడ్డ వదిలేసి పడుకుంది. ఆ నాలుగూ అలాగే నల్లగా చుట్టేసి, అన్నీ పెట్టెలో సర్ది, అటక మీద పెట్టేశాను. "అన్నయ్యకి చెప్పకు," అంది సరోజ కళ్ళు మూసుకునే. "ప్లీడరుగారు వచ్చినప్పుడే చూడాలి." చెప్పనని ఒట్టు వేశాను. నా జీవితంలో అంత ఆనందంగా గడిచిన మధ్యాహ్నం ఇంకొకటి లేదు. అది అబద్ధమని ఇప్పుడు కూడా అనలేను.

మే నెల మొదటి వారంలో ఇంగ్లీషువాళ్ళ రాజుగారు గద్దెనెక్కి పాతికేళ్ళయిందని బడి పిల్లలకు మిఠాయి పంచారు. ఆ ఉత్సవానికి పిలిస్తే నరసరాజు గారు పాసెంజరు రైల్లో వచ్చి, సభ అయ్యాక మా ఇంటికి వచ్చారు. తెల్లని తలపాగా, చేతిలో తోలుసంచి, మెత్తటి మాట. ముందు గదిలో కుర్చీ వేశాం. మా అత్తగారు మజ్జిగ ఇచ్చారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. వెనక వసారాలో సరోజ చెవులు నిక్కబొడుచుకుని ఉంటుందని తెలుసు. నడవ తలుపు దగ్గరగా వేసి వచ్చాననే అనుకున్నాను.

మా వారు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. ప్లీడరుగారు మొదటి కాగితం విప్పారు. నేను నవ్వు ఆపుకోలేక పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ప్లీడరుగారు దాన్ని పక్కన పెట్టారు. రెండోది విప్పారు. మూడోది. భూతద్దం తీయనేలేదు. మా వారు కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగారు. ఆయన చెవుల వెనక మెడ మీద ఎరుపు నెమ్మదిగా పైకి పాకడం నాకు కనబడింది.

"మాస్టారూ," అన్నారు నరసరాజు గారు చాలా నెమ్మదిగా, "ఇవి ఎవరు తోమారండీ?"

నా గాజులు తలుపుకు తగిలి గలగలమన్నాయి.

"నేనేనండి," అన్నారాయన.

"మీరా."

"అవునండి."

"ఊరూరా తోమవద్దని చెప్పి మరీ కొంటున్నానని మీరే కదండీ నాతో అన్నది."

"అన్నానండి. పొరపాటైపోయింది."

ప్లీడరుగారు ఒక నాణెం తీసి కిటికీ వైపు తిప్పారు. "ఇక్కడ నెలవంక ఉండేది. ఫిబ్రవరిలో చూశాను. ఇప్పుడు గీతలు తప్ప ఏమీ లేవు. కొన్ని చేతులు మారి కాస్త అరిగినా ఫరవాలేదు మాస్టారూ, అది దాని వయసు. ఇది అలా కాదు. దీన్ని నేను మద్రాసు స్నేహితుడికి పంపితే నా మీద నవ్వుతాడు." మళ్ళీ వెంటనే, "మిమ్మల్ని నొప్పించాలని కాదు," అన్నారు.

నా ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో నాకు తెలియలేదు.

చివర్న ఆ నాలుగు బయటపడ్డాయి. నల్లగా, తమ నూట యాభై ఏళ్ళూ ఒంటి మీద పెట్టుకుని. ప్లీడరుగారి ముఖం విచ్చుకుంది. ఒక్కొక్కటి పదేసి రూపాయలకు తీసుకున్నారు. మిగతా ముప్పై తొమ్మిదికీ వెండి బరువు లెక్కన ఇస్తానన్నారు గానీ మా వారు ఒప్పుకోలేదు. గుమ్మం దిగుతూ నరసరాజు గారు తలుపు వైపు, అంటే నా వైపు, ఒకసారి చూశారు. కోపం లేదు ఆ చూపులో. అదే భరించలేకపోయాను.

ఆయన వెళ్ళాక మా వారు కాగితం ముక్కలు ఏరుతూ కూర్చున్నారు. నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూలబడ్డాను. నా తల మీద చెయ్యి పెట్టి, "ఊరూరా చెప్పాను. ఇంట్లో చెప్పలేదు. తప్పు నాది," అన్నారు. అంతకు మించి ఆ రోజూ అనలేదు, ఈ రోజు వరకూ అనలేదు.

కళ్ళు కడుక్కుని వసారాలోకి వెళ్ళాను. సరోజ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది.

"ఏమన్నారు వదినా? మెరుపు చూసి ఏమన్నారు?"

"కళ్ళు చెదిరిపోయాయన్నారు."

"మరి! నా చెయ్యి పడితే అంతే," అంది. కాసేపు గట్టు వైపు చూసింది. తరువాత, "వదినా, ఒక మాట చెబుతాను, కోప్పడవుగా. నాకు ఇప్పుడే మదనపల్లె వెళ్ళాలని లేదు. కొత్త ఊరు, కొత్త మనుషులు. వానలు వెలిశాక వెళ్తాను. అన్నయ్యకు నువ్వే ఎలాగో సర్దిచెప్పు," అంది.

ఎంత తేలిక పడ్డానో. ఏం సాకు చెప్పాలా అని మోస్తున్న బరువును ఆ పిల్ల ఒక్క మాటతో దించేసింది. లోపల ప్రభువుకు స్తోత్రం కూడా చెప్పుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో.

నా గాజులూ గొలుసూ అమ్మాం. ఆయన బడిలో అడ్వాన్సు తీసుకున్నారు. జూను నెలాఖరుకు డబ్బు కూడింది గానీ మంచం వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. మళ్ళీ అక్టోబరులో అని రాశారు. సరోజకు ఆ ఉత్తరం చదివి వినిపిస్తే, "చూశావా, నేను వానలు వెలిశాక అన్నాను. వాళ్ళూ అదే అంటున్నారు," అంది.

జూలై అంతా వాన. తమ్మిలేరు నిండి గట్టు ఒరుసుకుని పారింది. సరోజ మాట సన్నబడింది. నీలం శాలువా అడిగితే కప్పాను. మదనపల్లెకని దాచుకున్నది ఏలూరులోనే కప్పుకుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం అన్నను పక్కన కూర్చోబెట్టుకుని, ఏదో మామూలు కబురు చెబుతున్నట్టు, "అన్నయ్యా, నీ రూపాయలు తోముదామని పట్టుబట్టింది నేను. వదిన వద్దు వద్దంటూనే ఉంది. నా మాట కాదనలేక తోమింది," అంది.

ఆయన నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. సరోజ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పిల్ల ఒంట్లో మిగిలిన బలమంతా ఆ పట్టులోనే ఉంది. నేను నోరు మూసుకున్నాను.

నాలుగు రోజులకు, మిట్టమధ్యాహ్నం వేళ, గంజి తాగించబోతుంటే వద్దని తల తిప్పి, అలాగే ఉండిపోయింది.

మట్టి చేసి వచ్చాక మూడో రోజున అత్తగారూ నేనూ ఆ మంచం నులక విప్పుతున్నాం. ఆవిడ ఒక కొస, నేనొక కొస. నాకు ఉండబట్టలేదు. "అత్తయ్యా, తోముదామన్నది సరోజ కాదండీ. నేనే. పాపం అదెందుకలా అందో. ప్లీడరుగారు ఏమన్నారో దానికి తెలియనే తెలియదు. నేను మెచ్చుకున్నారని చెప్పాను," అన్నాను.

అత్తగారు నులక చుట్ట చుట్టుకుంటూనే ఉన్నారు. "ఆ రోజు నడవ తలుపు తీసే ఉందమ్మా. మజ్జిగ గ్లాసు పెట్టడానికి నేనే తీశాను," అన్నారు.

తరువాత ఆ కొస కూడా నా చేతిలోంచి తీసుకుని ఆవిడే చుట్టారు.

అంటే అంతా వింది. విని, అటు తిరిగి పడుకుని, నా అడుగుల చప్పుడు వినగానే ఇటు తిరిగి, నవ్వుతూ, "ఏమన్నారు వదినా," అని అడిగింది. నేను అబద్ధం చెప్పడానికి నాకు దారి వేసింది.

మొన్న క్రిస్మసు నాలుగు రోజులుందనగా, ఉదయం, పెద్దింట్లమ్మ మా ఇంటికి వచ్చింది. వెనక ఒక పిల్ల, పదహారేళ్ళుండవు, పసుపు ఆరని తాళితో, బుట్టలో ఎండుచేపలు పెట్టుకుని. మా వారు బజారుకు వెళ్ళారు. ముసలామె అరుగు మీద కూర్చుని, పిల్లను వీధి మొగను ఉంచి, గొంతు తగ్గించింది.

"అయ్యగారి కోసం ఓ రూపాయి తెచ్చానమ్మా. మా మామగారి నాటిది. కాకపోతే చెడిపోయింది. కార్తీకంలో కొడుక్కి పెళ్ళి చేశాను. ఆ పిల్లే. నేను సంతకెళ్ళొచ్చేసరికి బూడిదేసి తోమేసింది. అయ్యగారికి ఇచ్చేది కదా, తళతళలాడాలని. తోమకూడదని అయ్యగారు నాకు ఆ రోజే చెప్పారు, నేనే దానికి చెప్పడం మర్చిపోయాను. ఏవనలేకపోయానమ్మా, మురిసిపోతా చూపిస్తుంటే. కంసాలి ధరే ఇవ్వండి, లేకపోతే మానెయ్యండి. దానికి మట్టుకు చెప్పకండి."

కొంగు విప్పి నా చేతిలో పెట్టింది. అచ్చం అలాగే ఉంది. అంచు చుట్టూ గీతలు, అక్షరాల మీద గీతలు, మధ్యలో ఎండ.

వీధి మొగలో ఆ పిల్ల మా వైపే చూస్తోంది. ఏమంటానా అని.

నేను దాన్ని పిలిచాను. బుట్ట దించి వచ్చి నిలబడింది. "నువ్వేనా తోమింది?" అన్నాను.

"అవునండి," అంది, తల వంచుకుని నవ్వుతూ.

"కళ్ళు చెదిరిపోతున్నాయి," అన్నాను.

లోపలికి వెళ్ళి రెండు రూపాయలు తెచ్చాను. పెద్దింట్లమ్మ, "అమ్మా, ఇది—" అనబోయింది. ఆమె వేళ్ళు నేనే మడిచి మూసేశాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఆ రూపాయలు కొంగున ముడి వేసుకుంది. వెళ్తూ వెళ్తూ బుట్టలోంచి గుప్పెడు ఎండుచేపలు తీసి అరుగు మీద పెట్టింది.

మా వారు వచ్చాక ఆ నాణెం ఇచ్చాను. కిటికీ వైపు తిప్పి చూశారు.

"ఎంతిచ్చావు?"

"రెండు రూపాయలండీ."

"తగిన ధరే," అన్నారు.

మే నెల తరువాత ఆ రేకు పెట్టె దించడం అదే మొదలు. విప్పి చూస్తే ముప్పై తొమ్మిదీ అలాగే ఉన్నాయి గానీ, ఒకదాని అంచున, అక్షరం మూలలో, లేత పసుపు నీడ ఒకటి మొదలైంది. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. మళ్ళీ నల్లబడడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. మన జీవితకాలం చాలదన్నారు. కొత్తదాన్ని వాటి పక్కన పెట్టారు. నలభై.

నేను మూత వేయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీ," అన్నారు. "గాలి తగలనీ."

పెట్టె తీసుకెళ్ళి వెనక వసారాలో, ఖాళీగా ఉన్న మూలలో, కిటికీ కింద పెట్టాను. మూత తీసే ఉంది.